అమ్మ 'ఇంగ్గిహ్' అంది

జకార్తా,
జూలై 4, 1988

అమ్మ మోకాళ్ళకూ నాన్న మోకాళ్ళకూ తల ఆన్చి నవాంగ్ చేసే సుంగ్కెం, నమస్కారం.

నేను బాగానే ఉన్నాను. మీరంతా బాగున్నారని, నాన్న గువ్వలు కూడా బాగా కూస్తున్నాయని తలుస్తాను. మీరు పంపిన సోయా టెంపే వేపుడు రెండో రోజుకే అయిపోయింది. నా గదిలో ఉండే మెదాన్ పిల్ల "కొంచెం రుచి చూస్తా" అంటూ డబ్బా అడుగు గోకేసింది. ఈసారి ఆ పిల్లకి వేరే పొట్లం కట్టండి, లేకపోతే మా ఇద్దరికీ పడదు.

ఈ నాయకత్వ శిక్షణ ఎలా ఉందని అడిగారు. చెబుతాను గానీ చదివి నవ్వకండి. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఇక్కడ మమ్మల్ని జట్లుగా విడదీసి, ఒక్కో జట్టు ఒక్కో కంపెనీ అనుకోమంటారు. డైరెక్టర్ ఎవరని మగపిల్లలు కొట్టుకు చస్తారు. ఆ గొడవ తేలకముందే నా చేతిలో పెన్ను పెడతారు. "నవాంగ్ రాత బాగుంటుంది, తను సెక్రటరీ." నా రాత ఎవడు చూశాడమ్మా? కోడి గీకినట్టుంటుందని మీరే కదా అంటారు! క్లాసులో ఇంకొక్క ఆడపిల్ల ఉంది, తను అవతలి జట్టుకి సెక్రటరీ. పోయిన వారం నేనే డైరెక్టర్‌నని పట్టుబట్టి కూర్చున్నాను. లెక్క తప్పు చేసినవాడితో "ఇది తప్పు, మళ్ళీ చెయ్యి" అన్నాను. అంతే. మా మాస్టారు పాక్ హెర్లాంబాంగ్ ఆట ఆపేసి, "నవాంగ్, ఆడవాళ్ళలో ఒక మెత్తదనం ఉంటుంది, దాన్ని వాడుకో" అన్నాడు. సరే కదా అని మర్నాడు మెత్తగా మాట్లాడాను. "నాయకుడికి గొంతు ఉండాలి" అన్నాడు. అదే పూట తింబుల్ అనే వాడు బల్ల గుద్ది నోరు పారేసుకుంటే, "చూశారా, నిర్ణయశక్తి" అని బోర్డు మీద రాసి దాని కింద గీత గీశాడు.

ఇంకోటి. మన సోలో ఊరివాళ్ళం మర్యాదకి 'ఇంగ్గిహ్' అనడం క్లాసులో నిషేధం. "అవునంటే అవుననండి, కాదంటే కాదనండి. అన్నిటికీ అలాగేనండి, అలాగేనండి అంటూ మీ సోలో వాళ్ళు దేశాన్ని వెనక్కి లాగుతున్నారు" అంటాడు. ఆ ఒక్క మాట మాత్రం నాకూ నిజమే అనిపించింది, ఏమనుకోకండి.

కోపం పట్టలేక మొన్న లేచి మీ గురించి చెప్పాను. సోలోలో మా లవేయాన్ పేటలో బాటిక్ వ్యాపారమంతా ఆడవాళ్ళదే, యజమానురాలిని ఎంబోక్ మాసే అంటారు, మగవాళ్ళు గువ్వలు పెంచుతారు అని. అందరూ "మీ నాన్న పాపం" అని నవ్వారు. మా అమ్మ చిన్న పీట మీద కూర్చుని ఎవరికీ ఏమీ చెప్పదు, అయినా మైనం గీసే ఆడవాళ్ళూ, రాగి అచ్చులు వేసే మగవాళ్ళూ, రంగు తొట్ల వాళ్ళూ అందరూ పరుగెడతారు, అమ్మ ఒక్కరోజు జ్వరమొచ్చి పడుకుంటే ఇల్లంతా ఆగిపోతుంది అని చెప్పాను. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ రోజు క్లాసుకి పాక్ దర్సోనో అని ఒక బట్టల కంపెనీ పెద్దమనిషి వచ్చాడు. ఆయనదీ సోలోయే. ఒక బ్యాంకు ఉద్యోగులకి శుక్రవారం వేసుకునే బాటిక్ చొక్కాల గుడ్డ కావాలట, మనింటికి వచ్చి చూస్తానన్నాడు. వస్తే ఆదరించండి.

కోర్సు అయ్యాక ఆ పీట నాదేనని మీరు మాటిచ్చారు. ఆ మాట పట్టుకునే ఇక్కడ పళ్ళు బిగించి కూర్చున్నాను.

మీ కూతురు,
నవాంగ్


లవేయాన్, సోలో,
జూలై 14, 1988

చిరంజీవి నవాంగ్‌కి అమ్మ ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం చేరింది. ఫోన్ చెయ్యమని మీ నాన్న గొడవ. పక్కింటి హాజీ గారింట్లో నిలబడి మాట్లాడితే నా ఇంటి గుట్టు వీధంతా వింటుంది, నాకెందుకు? కాగితమే నయం.

మీ హెర్లాంబాంగ్‌కి నా పేరు చెప్పి ఒక మాట అడుగు. మెత్తగా ఉంటే గొంతు లేదు, గొంతు ఉంటే మెత్తదనం లేదు అంటున్నాడే, ఆ మహానుభావుడు అసలు నీ చేత మాట్లాడించాలనుకుంటున్నాడా, పెన్ను పట్టించాలనుకుంటున్నాడా? దానికి కూడా బోర్డు మీద గీత గియ్యమను. ఫీజు కట్టింది ఇందుకా! చదువుతుంటే నా చేతిలో గోధుమ సోగా రంగు చెంబు ఒలికింది, కొత్త బట్ట మీద పడింది. ఆ బట్ట ఖరీదు కూడా వాడి ఖాతాలోనే రాసుకో.

మా అమ్మ క్లేవేర్ బజార్లో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. సుమత్రా నుంచి వచ్చిన బేరగాళ్ళు, ఇంతింత మీసాలు, వచ్చి ధర చెప్పేవాళ్ళు. ఆవిడ "ఇంగ్గిహ్" అని టీ గ్లాసు మీద మూత పెట్టేసేది. వాళ్ళు మొహం వేలాడేసుకుని మూట ఎత్తుకునేవాళ్ళు. రెండడుగులు వేసి మళ్ళీ తిరిగొచ్చి ఇంకో ధర చెప్పేవాళ్ళు. నేను పక్కన కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ చూసేదాన్ని. నాకెవరు చెప్పారు కోర్సు?

అయినా సర్టిఫికెట్ కావాలంటున్నారు ఈ కాలం వాళ్ళు, తెచ్చుకో. మీ మాస్టారికి ఇంగ్గిహ్ అని తల వంచి, నీ పని నువ్వు చేసుకో. పెద్దవాళ్ళని ఇంగ్గిహ్ అంటే నోరేం అరిగిపోదు. నేను మా అమ్మకి చచ్చేదాకా ఇంగ్గిహ్ అన్నాను. ఆవిడ నాకు చిన్నవాళ్ళకనే "యో" అనేది. కన్నపిల్లకి ఎవరు మాత్రం ఇంగ్గిహ్ అంటారులే.

నీ తమ్ముడు బగాస్ కొత్త మోటార్ సైకిల్‌తో పొద్దస్తమానం వీధి చుడుతున్నాడు. మీ నాన్న గువ్వ ఒకటి కూయడం మానేసిందని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మైనంలో ఈసారి మట్టి కలిపారు, దుకాణం వాడికి మన మైనం గీసే యు పాయినా చేత నాలుగు పెట్టించాను. టెంపే రెండు పొట్లాలు కట్టాను. మెదాన్ పిల్లది కారం ఎక్కువ వేశాను, ఇంక నీ జోలికి రాదు.

అమ్మ


లవేయాన్,
ఆగస్టు 2, 1988

నవాంగ్‌కి అమ్మ రాసేది.

నీ పాక్ దర్సోనో వచ్చాడు. ఆదరించమన్నావు కదా, కొబ్బరిపాల అన్నం నాసి లివెత్ పెట్టాను, వేడి టీ పెట్టాను, రంగు తొట్ల దాకా తిప్పి చూపించాను. గుడ్డ నచ్చింది. పెద్ద ఆర్డరు. సంతోషించే లోపలే బగాస్ మోటార్ సైకిల్ తుడిచిన నూనె చేతులతో లోపలికొచ్చాడు. వాణ్ణి చూసి ఆ మనిషి లేచి నిలబడి, "ఇదిగో మీ మేనేజర్!" అన్నాడు.

ఆయన చెప్పుకుపోయాడు. "మీ అమ్మాయే చెప్పిందండీ. అమ్మ ఒక్కరోజు మంచం పడితే ఇల్లంతా ఆగిపోతుందని. దాన్నే వ్యవస్థ లేకపోవడం అంటారు. మా కంపెనీ వాళ్ళకి ఎదురుగా బల్ల ముందు కూర్చుని జవాబు చెప్పే మగమనిషి కావాలి. మీరు లోపల మామూలుగానే చూసుకోండి, పేరు మాత్రం బగాస్‌ది. మీ అమ్మాయికేం, జకార్తాలో మంచి సెక్రటరీ ఉద్యోగం దొరుకుతుంది, నేనే చూస్తాను."

ఇంగ్గిహ్ అన్నాను. అని గ్లాసు మీద మూత పెట్టాను. ఆయన ఇంకాసేపు ఉండి, చెమట తుడుచుకుని వెళ్ళాడు. తర్వాత వాన తుంపర పడితే ఆరేసిన తానులు లోపలికి తీయించాను.

ఇక నీ సంగతి. నా ఇంటి గురించి పరాయివాళ్ళ ముందు అలా చెప్పావా? అమ్మ మంచం పడితే ఆగిపోతుందని? నేను మంచం పడ్డప్పుడు నువ్వుండి నడిపించావు కదే, అది చెప్పడానికి నోరు రాలేదా? జకార్తా గాలి నీకు నచ్చిందేమో, ఆ పీట బరువు తమ్ముడి నెత్తికెత్తి అక్కడే ఉండిపోదామని నువ్వే ఆయన్ని పంపావేమో అని అనుమానం వస్తోంది. అలాగైతే నాతో చెప్పు. ఆయన చేత చెప్పించకు.

అమ్మ


జకార్తా,
ఆగస్టు 10, 1988

అమ్మా,

సుంగ్కెం గింగ్కెం ఏమీ రాయను.

ఇంగ్గిహ్ అన్నావా? నిజంగా అన్నావా? మోటార్ సైకిల్ తుడుచుకునే వాడిని మేనేజర్ చేస్తామంటే, నీ కూతుర్ని ఇక్కడే సెక్రటరీగా పడేస్తామంటే, నువ్వు కూర్చుని అలాగేనండీ అన్నావా? నేనే పంపానట, నేనే! నేనెందుకు పంపుతాను? ఇక్కడ ఒక్కొక్కడి వెటకారం మింగుతూ ఉన్నది దేనికోసం అనుకున్నావు? ఎనిమిదో ఏటినుంచి స్కూలు నుంచి రాగానే నీ పక్కన కూర్చున్నాను. బగాస్ గాలిపటాలెగరేస్తుంటే నేను తానులు మడతపెట్టాను. ఏ ఎరుపు ఎన్ని ముంపులకి వస్తుందో నాకు తెలుసు. వాడికి సోగాకీ కాఫీకీ తేడా తెలియదు!

మొన్నటిదాకా నేను మగవాళ్ళ మీద కోపం పెట్టుకున్నాను. ఇప్పుడు తెలిసింది. మా ఆడపిల్లల్ని కూర్చోబెట్టేది మీ అమ్మలే, లేపేసేదీ మీరే. వంటింట్లో పులులు, వీధి గుమ్మం ముందు మగవాడు నిలబడితే ఇంగ్గిహ్.

నువ్వు నోరు విప్పలేదని నేనే విప్పాను. నిన్న తపాలా ఆఫీసు నుంచి పాక్ దర్సోనోకి ఫోన్ చేశాను. "మా అమ్మ ఒప్పుకుంటే ఒప్పుకుని ఉండొచ్చు, నేను ఒప్పుకోను" అని ముఖం మీద చెప్పాను. మా మాస్టారు చెప్పినట్టే, సూటిగా. ఆయన "ఓ, అమ్మగారు ఒప్పుకున్నారా! చాలా సంతోషం" అన్నాడు. సంతోషమట! నేను చెప్పిన రెండో సగం ఆయన చెవిలోకే వెళ్ళలేదు. ఆడదాని మాటలో సగమే వినడం వీళ్ళకి ఏ కోర్సులో నేర్పుతారో.

నవాంగ్


లవేయాన్,
ఆగస్టు 25, 1988

నవాంగ్‌కి,

నన్ను నువ్వు అన్నావు. ఈ ఇంట్లో ఏ పిల్లా తల్లిని నువ్వు అనలేదు, నేను మా అమ్మని అనలేదు. దాని సంగతి తర్వాత చూస్తాను. ముందు నువ్వు చేసిన నిర్వాకం చెబుతాను, కూర్చుని చదువు.

ఇంగ్గిహ్ అన్నాను, మూత పెట్టాను అని రాశానా లేదా? తీసి చూడు ఉత్తరం! మూత పెట్టానంటే ఏమిటే? నా పక్కన అన్నేళ్ళు కూర్చున్నదానివి, ఎన్నిసార్లు చూశావు? మూత తీసి తాగితే బేరం కుదిరినట్టు. ఇంగ్గిహ్ అని మూత పెట్టేస్తే నీ మాట విన్నాను, ఇంక లేచి వెళ్ళు అని. ఆ దర్సోనో సోలోలో పుట్టినవాడు, వాడికి తెలుసు. అందుకే చెమట తుడుచుకున్నాడు! ఇంకో నాలుగు రోజులు నేను మాట్లాడకుండా ఉంటే, మళ్ళీ వచ్చి నీ పేరు మీదే ఆర్డరు ఇచ్చేవాడు. సోలో మొత్తంలో అంత గుడ్డకి అచ్చులేయించి రంగు వేయించే ఇల్లు ఎన్ని ఉన్నాయి? వాడికి గతి లేదు. నేను ఎదురు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నా కూతురు, నాయకత్వం నేర్చుకున్న నా కూతురు, ఫోన్ చేసి మా అమ్మ ఒప్పుకుంది అని చెప్పింది.

నా ఇంగ్గిహ్‌ని నువ్వు 'సరే' చేసేశావు.

మర్నాడే జీపు వేసుకుని దిగాడు. వెనక ఒక ఇనప బల్ల, పైన గాజు పలక. తిన్నగా తెచ్చి నా పీట ఉన్న చోట పెట్టించాడు. నా పీట కాలితో పక్కకి జరిపాడు కూలివాడు. యు పాయినా చేతిలో మైనం ముంచే చాంతింగ్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను నోరు తెరవబోయాను. వాడు అందరి ముందూ పళ్ళికిలించి, "మీరు ఒప్పుకున్నారని అమ్మాయిగారు స్వయంగా ఫోన్ చేసి చెప్పారు" అన్నాడు.

ఏం చెప్పమంటావు? నా కూతురు అబద్ధమాడిందని పరాయివాడి ముందు, పనివాళ్ళ ముందు చెప్పమంటావా? రేపు ఏ మొహం పెట్టుకుని నువ్వు వాళ్ళకి పని చెబుతావు? నీ మాట నిలబడాలని నేను నోరు మూసుకున్నాను. నా సీటు పోయింది నీ పరువు కోసం. మళ్ళీ నన్ను వంటింట్లో పులినంటావు.

బగాస్ బల్ల ముందు కూర్చుంటున్నాడు. జాలేస్తుంది వాణ్ణి చూస్తే. కంపెనీ వాళ్ళు రాసిచ్చిన కాగితం చూసి గట్టిగా చదువుతాడు. "శనివారానికి ఇన్ని తానులు." యు పాయినా బాబుగారన్నట్టు "ఇంగ్గిహ్ మాస్" అంటుంది. రాగి అచ్చుల వాళ్ళు "ఇంగ్గిహ్ మాస్" అంటారు. వాడు పొంగిపోయి మోటార్ సైకిల్ ఎక్కి వెళ్ళిపోతాడు. శనివారం వచ్చి చూస్తే పూర్తయిన తాను ఒక్కటి లేదు. "అందరూ ఇంగ్గిహ్ అన్నారు కదమ్మా!" అని నా దగ్గర ఏడుపు మొహం పెట్టాడు. వాడికీ నీకూ తేడా ఏముందని అనుకున్నాను ఆ పూట. వాడు కోర్సు చదవకుండా చెవిటివాడు, నువ్వు చదివి చెవిటిదానివి అయ్యావు.

మీ నాన్న గువ్వ మళ్ళీ కూస్తోంది. ఈ ఇంట్లో బుద్ధున్నది దానికొక్కదానికే.

అమ్మ


జకార్తా,
సెప్టెంబర్ 6, 1988

అమ్మ మోకాళ్ళకు తల ఆన్చి నవాంగ్ సుంగ్కెం.

మీ ఉత్తరం చదివి పాత ఉత్తరం తీశాను. మూత పెట్టాను అని ఉంది. ఆ వాక్యం నేను చదవనే లేదు, చదివినా టీ సంగతి అనుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మూత చప్పుడు వినగానే బేరగాడి చెప్పులు తిప్పి గుమ్మం వైపు పెట్టేదాన్ని నేను. ఆ చెవి ఎక్కడ పోగొట్టుకున్నానో నాకు తెలియదు. మిమ్మల్ని నువ్వు అన్నందుకు నా నోరు పడిపోవాలి.

కానీ అమ్మా, తప్పు మొత్తం నా నెత్తిన వేసుకోను. మీరు కోప్పడినా సరే, ఇది చెప్పాలి.

నిన్న పాక్ దర్సోనో మళ్ళీ క్లాసుకి వచ్చాడు. మన ఇంటినే ఉదాహరణగా చెప్పాడు. "వ్యవస్థ లేని ఇంట్లో వ్యవస్థ పెట్టాను" అని. నేను లేచి, "మా అమ్మ ఒప్పుకోలేదండీ. ఆ సంగతి మీకు ముందే తెలుసు. గ్లాసు మీద మూత పెట్టడం మీరు చూశారు" అన్నాను. ఆయన నవ్వి, "ఫోన్ చేసింది మీరే కదా" అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. హెర్లాంబాంగ్ నన్ను కూర్చోమని సైగ చేసి, "చూశారా, ఆడవాళ్ళ నాయకత్వంలో వచ్చే చిక్కు ఇదే, ఉద్వేగం" అని బోర్డు మీద రాశాడు. నేను వెళ్ళి ఆ మాట తుడిచేశాను. అరచేత్తో. "ఇదే పని తింబుల్ చేస్తే ఏమని రాసేవారు?" అని అడిగాను. సుద్ద మరక ఇంకా చేతికే ఉంది. రేపటినుంచి ఆ క్లాసుకి వెళ్ళను. సర్టిఫికెట్ వాళ్ళే గోడకి తగిలించుకుంటారు.

ఇక మీ మీద నా కోపం. బగాస్‌కి మోటార్ సైకిల్ నేర్పడానికి మీరు మనిషిని పెట్టారు. ఆ మనిషి వెనక కూర్చుని, ఇది క్లచ్చి, ఇది బ్రేకు అని చెప్పాడు. ఇక్కడ మగపిల్లలకి బొమ్మలు గీసి మరీ చెబుతున్నారు, నాయకుడు ఇలా నిలబడాలి, ఇలా చూడాలి అని. నాకు ఎవరు ఏం చెప్పారు? పక్కన కూర్చో, చూడు, నేర్చుకో. నేర్చుకుంటే అది గొప్పేం కాదు, ఆడపిల్లకి అదంతా పుట్టుకతోనే వస్తుందంటారు. నేర్చుకోకపోతే చెవిటిదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కసారి, "నవాంగ్, మూత పెడితే వద్దని అర్థం" అని నోటితో అన్నారా? మీ అమ్మ మీకు చెప్పలేదని మీరు నాకు చెప్పలేదు. చెప్పకుండా దాచిన విద్యని ఎవడో వచ్చి వ్యవస్థ లేదు అంటే, వాడికి జవాబు చెప్పడానికి నా దగ్గర మాటలే లేవు.

నేను రావాలంటే ఇవి కావాలి. ఆ బల్ల వెళ్ళిపోవాలి. దర్సోనోకి మీరు నోరు తెరిచి, అందరికీ వినబడేలా వద్దు అని చెప్పాలి, ఆర్డరు పోతే పోనివ్వండి. పీట మీద కూర్చునేది నేను. మీరు నా వెనక కూర్చుని యు పాయినాకి కళ్ళతో సైగలు చెయ్యకూడదు. మీకు తెలిసినదంతా నాకు మాటల్లో చెప్పాలి. అవునా కాదా, ఒక్క మాట రాయండి. ఇంటికి రావాలని ఎంత ఉందో చెప్పలేను, కానీ ఊరికే రాను.

మీ కూతురు,
నవాంగ్


లవేయాన్,
సెప్టెంబర్ 19, 1988

నవాంగ్‌సిహ్ గారికి,

తమ ఉత్తరం అందింది. షరతులు చదువుకున్నాను. కన్నతల్లికి షరతులు రాసిన మొదటి పిల్ల మీరే అయి ఉంటారు, మన వీధిలో.

ఇలా 'మీరు' అని రాస్తుంటే నాకు పళ్ళు పులుస్తున్నాయి. అయినా రాస్తాను. ఎందుకో చివర తెలుస్తుంది.

మొన్న గురువారం దర్సోనో గారు వచ్చారు, తానులు ఏవీ అని. బగాస్ గాజు బల్ల వెనక కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. నేను లోపలి నుంచి వచ్చాను. అందరూ ఉన్నారు. మీ నాన్న కూడా గువ్వ పంజరం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. దర్సోనో నన్ను చూసి, "అమ్మగారూ, మీరొక మాట చెబితే వీళ్ళు కదులుతారు" అన్నాడు.

"ఎంబోతెన్" అన్నాను. కుదరదండీ, అని. గట్టిగా.

ఇంటికి వచ్చినవాడితో ఆ మాట అనడం నా జన్మలో అదే మొదలు. మా అమ్మ వింటే మళ్ళీ చచ్చిపోయేది. యు పాయినా చేతిలో మైనం మూకుడు ఒలికించేసుకుంది. దర్సోనో నవ్వాలా వద్దా అన్నట్టు చూశాడు. "మీ ఆర్డరు వద్దు. ఈ ఇంటి యజమానురాలు జకార్తాలో ఉంది. ఆవిడ పేరు మీద కావాలంటే ఆవిడని అడగండి. ఫోన్లో మీరు సగమే విన్నారట, మిగతా సగం కూడా వినండి" అన్నాను. అనేసి గోడ పట్టుకున్నాను. ఇంత వయసొచ్చి ఒక చిన్న మాటకి గోడ పట్టుకున్నానంటే నవ్వుకుంటారు కాబోలు తమరు. నవ్వుకోండి. అరవడానికే దమ్ము కావాలనుకున్నాను, వద్దనడానికి ఇంకా ఎక్కువ కావాలి.

వెళ్ళిపోయాడు. బల్లని బగాసే సైకిల్ రిక్షాకెత్తించి పంపించాడు. ఇన్నాళ్ళకి ఆ పిల్లాడు ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు. "నాకా కుర్చీ కావాలా వద్దా అని ఎవరైనా నన్నడిగారా?" అన్నాడు. వాణ్ణి కూడా ఎవరూ అడగలేదు, నిజమే.

బ్యాంకు గుర్తు అచ్చు వేసి రంగులో ముంచకుండా వదిలేసిన గుడ్డ ఒక గదినిండా మిగిలిపోయింది. ఎవరు కొంటారు దాన్ని? రంగుల వాడు బాకీకి వచ్చి కూర్చుంటున్నాడు. ఆ చిక్కు మీది. ఎంబోక్ మాసే మీరు కదా, మీరే తేల్చండి. నేను వేలు పెట్టను. చెయ్యి దురద పెట్టినా పెట్టను.

నోటితో చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. యు పాయినా ఇంగ్గిహ్ అని చెంగు దోపుకుంటే పని అవుతుంది. ఇంగ్గిహ్ అని చెంగు సర్దుకుంటే అవ్వదు. రంగు తొట్ల వాళ్ళు ఇంగ్గిహ్ అనకుండా ముక్కు చీదితే వాళ్ళకి పోయిన వారం కూలి తక్కువ పడిందని అర్థం, అడగక ముందే ఇవ్వాలి. అప్పు అడగడానికి వచ్చినవాడు వాతావరణం గురించి మాట్లాడితే వాడు తీరుస్తాడు. నా ఆరోగ్యం గురించి అడిగితే తీర్చడు. ఇంకా బోలెడున్నాయి. రాస్తూ ఉంటే నాకే తెలియనివి బయటికొస్తున్నాయి. ఎవరూ నన్ను అడగలేదు ఇన్నాళ్ళూ. మీరే అడిగారు. కోపంగా అడిగారు, అయినా అడిగారు.

వెనక కూర్చోను. సైగలు చెయ్యను. పీటని మీకోసం పాత చోటే వేయించి, నేను గోడ పక్కన చాప వేసుకున్నాను. అక్కడి నుంచి వీధీ పనివాళ్ళూ కనబడరు, మీ పీట ఒక్కటే కనబడుతుంది.

అవునా కాదా, ఒక్క మాట రాయమన్నారు. రాస్తున్నాను. ఈ మాట ఈ ఇంట్లో ఏ తల్లీ కన్నకూతురితో అనలేదు, అది మీకూ తెలుసు.

ఇంగ్గిహ్.

ఇది ఏ ఇంగ్గిహో కనుక్కోవడానికి మళ్ళీ ఎవరికీ ఫోన్ చెయ్యకండి. మీ పీట పక్కన టీ పెట్టించాను. మూత తీసే ఉంది. ఈగలు పడకముందే రండి.

చాప మీద నుంచి,
మీ అమ్మ